పిల్లలు - కంప్యూటరు గడియారము

క్రిందటి డిసెంబరు నెలలో ఒకనాటి రాత్రి మా యింటి గోడ గడియారము తొమ్మిది కొట్టినది. తొమ్మిది దాటిన పిమ్మట కంప్యూటరు దానంతట అదియే మూతపడునట్లు మేమొక నియంత్రణ సాఫ్ట్‌వేరును అమర్చియుంటిమి. అయినను పన్నెండేండ్ల మా అబ్బాయి నిశ్చింతగా ఆడుకొనుచునే యున్నాడు. వెనుకకు వెళ్ళి చూచితిమి. తెర క్రింది మూలలో, చిన్న అంకెలలో, సమయము మధ్యాహ్నము మూడున్నర అని యున్నది. గడియారము చెడినదేమో యనుకొంటిమి. అది చెడలేదు. లండను నగరములో ఆ క్షణమున ఎంత సమయమైనదో దానిని నిమిషము తప్పకుండ చూపుచున్నది.

ఇది మా యింటి ముచ్చట మాత్రమే కాదు. 2020లో బడులు మూతపడి పాఠములు ఇంటర్నెట్టు ద్వారా నడచిన కాలమున, అంతవరకు కంప్యూటరు లేని యిండ్లలోనికి కూడ అది ప్రవేశించినది. పాఠము ముగిసిన వెనుక అదే తెరమీద ఆట మొదలగును. ఆటకు హద్దు పెట్టవలెనని పెద్దలు కాలపరిమితి సాఫ్ట్‌వేరును ఆశ్రయించిరి. ఆ హద్దును పిల్లలు దాటుచున్నారు. తలిదండ్రులు ఒకరితో నొకరు చెప్పుకొను మాటలు వినగా, దాటిన తీరు చాలమందికి అంతుబట్టలేదని మాకు తోచినది. మావాడు ఇల్లు కదలకుండ లండను వెళ్ళినదెట్లో తెలిసికొనవలెనన్నచో, అసలు కంప్యూటరునకు వేళ యెట్లు తెలియునో ముందుగా చూడవలయును.

1981లో ఐ.బి.ఎం. సంస్థ విడుదల చేసిన తొలి పర్సనల్ కంప్యూటరులో బ్యాటరీతో నడచు గడియారము లేదు. యంత్రమును తెరచిన ప్రతి పర్యాయము, "నేడు తేదీ యేమి? సమయమెంత?" అని అది మనుష్యునే అడిగెడిది. ఏది చెప్పిన అదియే వేదవాక్కు. 1984లో వచ్చిన తరువాతి నమూనాలో ఒక చిన్న గడియారపు చిప్పును, దానికొక బ్యాటరీని అమర్చిరి. నేటి బల్లమీది కంప్యూటరులలో రూపాయి బిళ్ళవంటి బ్యాటరీ యొకటి యుండును. కరెంటు లేనప్పుడు సైతము దాని బలముతో ఒక స్ఫటికపు తునక సెకనుకు 32,768 పర్యాయములు కంపించుచుండును. ఈ సంఖ్యను పదునైదు మార్లు సగము చేయగా ఒకటి వచ్చును. అదియే యంత్రమునకు ఒక సెకను. ఏర్పాటు చక్కనిదే. కాని ఆ గడియారమును ముందునకో వెనుకకో త్రిప్పినచో, త్రిప్పిన చోటినుండి అంతే నమ్మకముగ నడచును. ఎవరు త్రిప్పిరి, ఎందులకు త్రిప్పిరి అని అది అడుగదు.

ఈ యుపాయమును కనిపెట్టినది పిల్లలని పెద్దలు నిందింపరాదు. ముప్పది దినములు ఉచితముగ వాడి చూచుటకిచ్చిన సాఫ్ట్‌వేరును, గడువు తీరిన ముప్పది యొకటవ నాడు తేదీని వెనుకకు జరిపి మరల వాడుకొన్న పెద్దమనుష్యులు చాలమంది యుండిరి. ఈ విద్యలో వారే పిల్లలకు తాతలు.

ఇప్పటి యంత్రములు తమ గడియారమును తామే నమ్మవు. ఇంటర్నెట్టులోని కాలసేవకులను అప్పుడప్పుడు అడిగి దిద్దుకొనుచుండును. ఇందులకు డేవిడ్ మిల్స్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు రూపొందించిన పద్ధతి 1985లో ప్రకటితమైనది. మన దేశమున న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల అణుగడియారములతో భారత ప్రామాణిక కాలమును నిలుపుచున్నది. ఇంతటి యేర్పాటుండగా ఇక పిల్లవాని ఆటలు సాగవు గదా యని మేమును తలచియుంటిమి.

మేము పొరబడినది ఇచ్చటనే. కాలసేవకుడు పంపునది సార్వత్రిక కాలము మాత్రమే. దానికి అయిదున్నర గంటలు కలిపి "ఇది హైదరాబాదు సమయము" అని తెరమీద చూపునది యంత్రమే. యంత్రము ఏ దేశమున నున్నదో చెప్పునది దాని ముందు కూర్చున్న మనిషి. 2007లో విస్తా అను పేరుతో విండోస్ వచ్చినది మొదలు ఇందులో ఒక నియమము కలదు. గడియారమును మార్చుటకు యజమాని హోదా, అనగా అడ్మినిస్ట్రేటరు అనుమతి, కావలయును. దేశకాలమును, అనగా టైమ్‌జోనును, మార్చుటకు మామూలు వాడుకరికి సైతము హక్కు కలదు. ల్యాప్‌టాపును వెంటబెట్టుకొని దేశదేశములు తిరుగువారు ఊరు మారినపుడెల్ల అనుమతికై వెదకికొననక్కరలేకుండ ఈ వెసులుబాటు కల్పించిరి. సంచారుల కొరకు తీసియుంచిన ఆ కిటికీలోనుండి మావాడు వెలుపలికి వచ్చినాడు.

ఇందులో వాడు ఎంచిన ఊళ్ళను గమనింపుడు. మన రాత్రి తొమ్మిది గంటలకు శీతకాలమున లండనులో పగలు మూడున్నర. కావున "తొమ్మిది తరువాత కూడదు" అను నియమము అక్కడ ఇంకను ఆరంభమే కాలేదు. "దినమునకు ఒక గంట" అను నియమమునకు మాత్రము లండను పనికిరాదు. అక్కడ కూడ తేదీ అదియే గదా! అందులకు టోకియో కావలయును. మనకు తొమ్మిదైనపుడు టోకియోలో అర్ధరాత్రి దాటి అరగంట. అనగా మరుసటి దినము వచ్చినది; క్రొత్త గంట చేతికి వచ్చినది. భూగోళ శాస్త్రములో ఏనాడును మంచి మార్కులు రాని పిల్లవాడు ఈ లెక్కను ఒక్కడే కూర్చుండి చేసికొన్నాడు. మందలింపవలసిన వేళ మాకు నవ్వు వచ్చిన మాట దాచనేల?

మన పూర్వుల గడియ వేరు విధమైనది. అడుగున సన్నని రంధ్రముగల గిన్నెను నీటిపై తేలవిడిచెడివారు. అది నిండి మునుగుటకు ఒక గడియ, అనగా ఇరువది నాలుగు నిమిషములు, పట్టెడిది. ఏ దేశమున నున్నను, ఏ తేదీ వేసికొన్నను, గిన్నె నిండుటకు పట్టు కాలము మారదు. కంప్యూటరులోను అట్టి గిన్నె యొకటి కలదు. తేదీతో నిమిత్తము లేకుండ, యంత్రమును తెరచినది మొదలు ఎన్ని టిక్కులు గడచినవో లెక్కించు సాధనమది. ఆట కాలమును ఈ లెక్కతో కొలుచు సాఫ్ట్‌వేరును దేశము మార్చి మోసగించుట కష్టము. గోడ గడియారమును మాత్రమే చూచి కొలుచుదానిని మోసగించుట తేలిక. కొనబోవువారు దుకాణదారుని అడుగవలసిన మొదటి ప్రశ్న ఇదియే, కాని అడిగినవారిని మేము చూడలేదు. గిన్నె సైతము నిర్దోషి కాదని భాస్కరాచార్యుల కూతురు లీలావతి కథ చెప్పును. ముహూర్తము చూచుటకు ఉంచిన గిన్నెలోనికి ఆ బాలిక కుతూహలముతో వంగి చూడగా, ముత్యమొకటి జారిపడి రంధ్రమును మూసినదట, లగ్నము దాటిపోయినదట. యంత్రమును ఆపివేసి మరల తెరచినచో టిక్కుల లెక్క మొదటికి వచ్చును. కంప్యూటరు గిన్నెలోని ముత్యమిది. దీనికి విరుగుడుగ కొన్ని సంస్థలు లెక్కను ఇంటి యంత్రములో నుంచక తమ సర్వరులలోనే వ్రాసికొనుచున్నవి.

తేదీని బాగుగా వెనుకకు త్రిప్పిన పిల్లవానిని కనుగొనుటకు ఒక గుర్తు కలదు. ఇంటర్నెట్టులోని బ్యాంకు, బడి మొదలగు వాని పుటలు భద్రతా పత్రములు చూపి తెరచుకొనును. ఆ పత్రములకు ఆరంభపు తేదీ, ముగింపు తేదీ కలవు. యంత్రము క్రిందటి సంవత్సరమున నున్నట్లు తలచినచో, నేటి పత్రము దాని కంటికి ఇంకను పుట్టని పత్రము. అప్పుడు "ఈ స్థలము సురక్షితము కాదు" అని హెచ్చరించి నిరాకరించును. పిల్లవాడు తేదీని దిద్దుట మరచినచో, మరునాడు తండ్రి తన పనికి కూర్చుండగా ఏ పుటయు తెరచుకొనదు. వైరసు సోకినదని మెకానిక్కునకు డబ్బిచ్చిన యిండ్లు మాకు తెలియును.

సమయము తరువాత యంత్రము నమ్మునది మనిషిని, "కూర్చున్నది ఎవరు?" అను ప్రశ్నకు వచ్చిన జవాబును. ఆ 2020లో కొన్న కంప్యూటరులను పెట్టె విప్పి అమర్చినది చాల యిండ్లలో పిల్లవాడే. తక్కినవారికి ఆ పని తెలియదు. యంత్రము మొదటి వాడుకరికి అడ్మినిస్ట్రేటరు హోదా నిచ్చును. ఇక ఆ వెనుక తండ్రి పెట్టిన కావలి యెంతటిదైనను, ఇనుప్పెట్టె తాళము పిల్లవాని జేబులోనే యున్నది. తాను చేసిన యేర్పాటును తండ్రికి తెలియకుండ తీసివేయుటకు వానికి ఒక నిమిషము చాలును.

ఈ రెండవ ప్రశ్నతో ప్రభుత్వములు కూడ కుస్తీపట్టినవి. దక్షిణ కొరియా దేశము 2011లో పదునారేండ్లు నిండని పిల్లలు అర్ధరాత్రి మొదలు ఉదయము ఆరు వరకు కంప్యూటరులో ఆన్‌లైను ఆటలాడరాదని శాసించినది. పిల్లలు తలిదండ్రుల గుర్తింపు సంఖ్యలతో ప్రవేశించిరి. చట్టము వర్తింపని సెల్‌ఫోను ఆటలకు మరలిరి. 2022 ఆరంభమునుండి ఆ శాసనమును ఎత్తివేసిరి. చైనా ఇంకను గట్టిగ బిగించినది. 2021 సెప్టెంబరు మొదలుగా పిల్లలకు శుక్ర, శని, ఆదివారములలోను సెలవు దినములలోను రాత్రి ఎనిమిది నుండి తొమ్మిది వరకే ఆట. అచ్చట నాయనమ్మల, తాతల పేర్ల మీద ఆడు పిల్లలను పట్టుటకు ఒక పెద్ద ఆటల సంస్థ రాత్రివేళ ఆడువారి ముఖమును కెమెరాతో పోల్చిచూచుట మొదలిడినది. ఇంటిలో ఒక గంట హద్దు పెట్టుటకై ఆరంభమైన పని పసివాని ముఖమును కంపెనీ దస్త్రమునకు ఎక్కించు వరకు వచ్చినది. పిల్లవాని అల్లరికన్న ఇదియే మమ్ము ఎక్కువగ కలవరపెట్టినది.

తక్కిన దారులను వివరించిన కొలది పెరుగును. సాఫ్ట్‌వేరు మేల్కొనక మునుపే యంత్రమును మరమ్మతు విధమున తెరచుట యొకటి. వేరొక ఆపరేటింగు సిస్టమును యు.ఎస్.బి. పుల్లలో తెచ్చి దానితో నడుపుట యొకటి. 2018లో ఐఫోనులకు స్క్రీన్ టైము అను ఏర్పాటు వచ్చిన కొలది కాలములోనే, పిల్లలు ఆటను తుడిచివేసి మరల దింపుకొనిన పరిమితి మరుగునపడుననియు, వీడియోల యాప్‌నకు తాళము వేసినను సందేశములలోనుండి వీడియోలు చూడవచ్చుననియు కనుగొనిరి. అట్టి కొన్ని రంధ్రములను కంపెనీ పూడ్చినది. ఇట్టి జాబితా ఏ నాటికి ఆ నాడు పాతబడును.

ఇంటిలో చేయదగిన పని కొంత కలదు. అడ్మినిస్ట్రేటరు హోదాను పెద్దలు తమ చేతిలోనికి తీసికొని, పిల్లలకు మామూలు వాడుకరి పేరు వేరుగ నిచ్చుట మొదటిది. దేశకాలమును మార్చు హక్కును తీసివేయుట రెండవది. ఇది అడ్మినిస్ట్రేటరునకు సాధ్యమే. పిల్లవానికి తెలియకుండ వాడు కొట్టు ప్రతి అక్షరమును పట్టి తండ్రికి పంపు సాఫ్ట్‌వేరులు కూడ దొరకును. వానిని మేము కొనలేదు, కొనము. హద్దు ఎక్కడనున్నదో తెలిసి దాటిన పిల్లవానితో మాటలాడవచ్చును. చాటున తనను చూచుచుండిరని తెలిసిన పిల్లవానితో మరల మాట కలుపుట సులభము కాదు. ఎన్ని గంటలు తగునో వైద్యులైన తేల్చిరా యన్నచో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అయిదేండ్లలోపు పసివారికే సంఖ్య చెప్పినది. అమెరికా శిశువైద్యుల సంఘము 2016లో, ఆరేండ్లు దాటిన పిల్లలకు అంకె నిర్ణయింపక, నిద్రకు, ఆటపాటలకు భంగము రాకుండ ఇంటివారే నియమము చేసికొనవలెనన్నది. కావున మా "తొమ్మిది" గంట ఏ శాస్త్రమునందును లేదు. మేము పెట్టుకొన్నది.

ఆ రాత్రి కంప్యూటరును మూయించి, ఎందులకిట్లు చేసితివని అడిగితిమి. చాలసేపు పలుకలేదు. పిదప, "ఆట మధ్యలో నేను వెళ్ళిపోతే మిగతా నలుగురూ ఓడిపోతారు నాన్నా. రేపు నన్నెవరూ పిలవరు" అన్నాడు. అయిదుగురు కలిసి జట్టుగ ఆడు ఆట అది. ఒక్కొక్క పందెము అరగంట పట్టును, ఒక్కొక్కప్పుడు నలుబది నిమిషములును పట్టును. మధ్యలో విడిచినవానికి ఆటలోనే శిక్ష కలదు. మా సాఫ్ట్‌వేరు తొమ్మిది కొట్టగనే పందెము ఏ దశలో నున్నను తెర మూసెడిది. వీధిలో కబడ్డీ ఆడు పిల్లవానిని కూత మధ్యలో రెక్కపట్టి లాగికొని పోయిన తండ్రి ఉండడు. మేము ప్రతి రాత్రి చేసినది అదియే. ఇరువది సార్లు అడిగి యుండవచ్చును గదా యన్నచో, "రెండుసార్లు అడిగాను, మీరు వినలేదు" అన్నాడు. మాకు జ్ఞాపకము లేదు.

ఇప్పుడు మా యింట లెక్క గంటలలో గాక పందెములలో నున్నది. బడి దినములలో ఒకటి, అదియు ఎనిమిదింబావునకు లోపల మొదలు పెట్టవలయును. ముగిసిన పిమ్మట వాడే కట్టివేయును. దేశకాలపు అమరిక ఎచ్చట నున్నదో మాకు చూపి, దానికి తాళము వేయించినది కూడ వాడే. ఇంతవరకు రెండు రాత్రులు పందెము తొమ్మిది దాటినది. ఆ రెండు పర్యాయములును ప్రక్కన కుర్చీ వేసికొని కూర్చుండి చూచితిమి. ఎవరు గెలుచుచున్నారో మాకు తెలియలేదు. వాడు చెప్పుచునే యుండెను.