పెద్ద పూర్ణాంకాలు – ఫ్లోటింగ్ పాయింట్ పరిమితి

కంప్యూటరు గణనలో దోషం దశాంశ భిన్నాలకే పరిమితమని, పూర్ణాంకాలు యథాతథంగా నిలుస్తాయని సాధారణ భావన. అయితే జావాస్క్రిప్ట్‌లో 9007199254740993 అని రాసి ముద్రిస్తే 9007199254740992 వస్తుంది. హెచ్చరిక ఏదీ రాదు.

ఆ భాష సాధారణ సంఖ్యలన్నింటినీ ఐఈఈఈ 754 ప్రమాణం (1985) నిర్దేశించిన 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ రూపంలో భద్రపరుస్తుంది. అందులో 1 బిట్ ధన, రుణ గుర్తుకు, 11 బిట్లు ఘాతానికి పోగా 52 మిగులుతాయి. మొదటి 1ని రాయకుండానే గ్రహిస్తారు కనుక 53 బిట్ల కచ్చితత్వం లభిస్తుంది. కాబట్టి 2కు 53వ ఘాతమైన 9007199254740992 వరకు ప్రతి పూర్ణాంకానికీ చోటుంది. అది దాటితే సరిసంఖ్యలే ఇముడుతాయి. 54వ ఘాతం దాటితే 4 గుణిజాలే. మధ్యనున్నవి సమీప సంఖ్యకు సర్దుకుంటాయి.

కొలతల్లో ఇంత స్వల్ప భేదం ఉపేక్షణీయమే. గుర్తింపు సంఖ్యలో మాత్రం చివరి అంకె మారితే అది మరొకరిదవుతుంది. 2010లో ట్విటర్ 64 బిట్ల సందేశ సంఖ్యలను ప్రవేశపెట్టినప్పుడు, వాటిని పాఠ్యరూపంలో కూడా అందించవలసి వచ్చింది.

పరిశోధకులకు ఈ చిక్కు ఎక్కువగా ఎక్సెల్‌లో ఎదురవుతుంది. అది 15 అంకెలనే నిలిపి, మిగిలినవాటిని సున్నాలు చేస్తుంది. 12 అంకెల ఆధార్ సంఖ్యకు ప్రమాదం లేదు. 16 అంకెల వర్చువల్ ఐడీకి ఉంది. సీఎస్‌వీ ఫైలును నేరుగా తెరిచి సేవ్ చేసినా అసలు అంకె పోతుంది. గడులను ముందుగానే టెక్స్ట్ రూపంలోకి మార్చాలి. తరువాత మార్చితే పోయిన అంకె తిరిగి రాదు.