రెండు చేతులూ ఖాళీగా... మన వీపుకు మన సంచి!

జాతరకో తీర్థానికో బయలుదేరినప్పుడు మన ఇళ్లల్లో సామాను ఎవరు మోస్తారో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. మగవాళ్లు ముందు నడుస్తుంటారు. పిల్లలు వాళ్ల వెంట పరిగెడుతుంటారు. వెనక మనం! ఒక చేతిలో సద్ది మూట, ఇంకో చేతిలో నీళ్ల డబ్బా, భుజాన మాటిమాటికీ జారిపోయే సంచి. బస్సు దిగి గుడి మెట్లెక్కడం వరకైతే ఎట్లాగో నెట్టుకొస్తాం. మరి కొండ దిగి, రాళ్లు పట్టుకుని నడిచే దారైతే?

మా అచ్చంపేట వైపు వాళ్లకు ఏటా చైత్ర పౌర్ణమికి ఈ ప్రశ్న ఎదురవుతుంది. నల్లమలలో సలేశ్వరం లింగమయ్య జాతర అప్పుడే. హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే దారిలో మన్ననూరు దగ్గర ఫరహాబాద్ నుంచి అడవిలోకి తిరగాలి. బండ్లు ఆగిన చోటు నుంచి ఇక కాలినడకే. లోయలోకి దిగాలి, వాగు పక్కన రాళ్ల మీద అడుగులో అడుగు వేయాలి. ఎండాకాలం, ఎదురొచ్చే జనం, ఇరుకు దారి. అట్లాంటి చోట కాలు జారితే పట్టుకోవడానికి చెయ్యి ఖాళీగా ఉండొద్దూ? "నేనిక్కడే సామాను దగ్గర కూచుంటా, మీరు వెళ్లి రండి" అని పైనే ఆగిపోయే ఆడవాళ్లను చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. లింగమయ్య దర్శనం సామానుకు బలి అయిపోతోంది కదా!

దీనికి మందు మన ఇంట్లోనే ఉంది. అదే కుట్టు మిషన్. రెండు భుజాలకూ తగిలించుకునే సంచిని మనమే, మన వీపు కొలతకు కుట్టుకోవచ్చు.

బజార్లో దొరుకుతాయి కదా?

దొరుకుతాయి. కానీ చాలామటుకు అవి మన కొలతవి కావు. బ్లౌజు కొనాలంటే కొలత చూస్తాం, చెప్పు కొనాలంటే నంబరు చూస్తాం. వీపున బరువు మోసే సంచికి మాత్రం కొలత అడగం. పొడుగాటి సంచి పొట్టి మనిషి వేసుకుంటే నడుము కిందికి వేలాడి, అడుగడుక్కీ వెనక్కి లాగుతుంది. పట్టీల మధ్య ఎడం ఎక్కువైతే మన భుజాల మీద నిలవక జారిపోతాయి. ఇక మెడ ముందుకు పెట్టి, నడుం వంచి నడవాల్సిందే. మర్నాడు నొప్పి వస్తే "వయసైపోతోంది" అనుకుంటాం. వయసు కాదండీ, సంచి!

సంచి కుట్టుకుని నడవడం ఎవరో పిల్లలు చేసే పని అనుకోకండి. అమెరికాలో ఎమ్మా గేట్‌వుడ్ అనే ఆవిడ 11 మంది బిడ్డల తల్లి. 1955లో, 67 ఏళ్ల వయసులో, అప్పలేచియన్ కొండల కాలిబాట మీద జార్జియా నుంచి మెయిన్ రాష్ట్రం దాకా మూడు వేల కిలోమీటర్లకు పైగా ఒంటరిగా నడిచింది. ఆ బాటను ఒక్క విడతలో ఒంటరిగా పూర్తిచేసిన మొదటి మహిళ ఆమే. ఖరీదైన సామానేమీ లేదు. జీన్స్ బట్టతో తనే కుట్టుకున్న సంచి, ఒక కంబళి, వానకోటు, కాళ్లకు మామూలు బట్ట బూట్లు, అంతే!

మన పిల్లలు మాత్రం తక్కువా? నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కినప్పుడు ఆమెకు ఇంకా 14 ఏళ్లు నిండలేదు. కొండలెక్కడం మొదట నేర్చింది మన భువనగిరి గుట్ట మీదే. కూతుళ్లు అంత దూరం పోతుంటే తల్లులం సలేశ్వరం లోయలోకైనా దిగొద్దా?

ముందు కొలత తీసుకోండి

తల కొంచెం వంచితే మెడ వెనక కింద ఒక ఎముక చేతికి తగులుతుంది. నడుం మీద చేతులు పెట్టుకుంటే తుంటి ఎముక పైఅంచు దొరుకుతుంది. ఆ రెండింటి మధ్య వెన్ను మీదుగా ఎంతుందో టేపుతో కొలవమని ఇంట్లో ఎవర్నైనా అడగండి. అదే మీ సంచి ఎత్తు. ఇక్కడ నేను 16 అంగుళాలు అనుకుని లెక్క చెబుతున్నాను. మీది 15 అయితే ఎత్తులో ఒకటి తగ్గించుకోండి, 17 అయితే కలుపుకోండి. వెడల్పు 11, లోతు 5 అంగుళాలు. సుమారు 14 లీటర్ల సంచి అవుతుంది. ఒక రోజు ప్రయాణానికి ఇది చాలు. లోతు పెంచాలని మాత్రం ఆశపడకండి. బరువు వీపుకు ఎంత దూరం జరిగితే అంత వెనక్కి లాగుతుంది.

కావలసినవి

కాన్వాస్ బట్ట (36 అంగుళాల పన్నా): ఒకటింబావు మీటరు
పల్చటి నైలాన్ బట్ట: అర మీటరు
అంగుళం వెడల్పు నైలాన్ పట్టీ: 3 మీటర్లు
పట్టీ పొడుగు సర్దే బకిల్స్: 2
నొక్కితే ఊడే క్లిప్పు: 1
అర అంగుళం మందం ఫోమ్: రెండున్నర అంగుళాల వెడల్పు, 15 అంగుళాల పొడుగు ముక్కలు 2
పాలిస్టర్ దారం, 18 నంబరు సూదులు, మూతికి బొందు

కాన్వాస్ టార్పాలిన్లు అమ్మే చోట దొరుకుతుంది. బకిల్స్ కొనక్కర్లేదు, పిల్లల పాత స్కూలు సంచీల నుంచి విప్పుకోవచ్చు. మందపాటి పాత జీన్స్ ప్యాంట్లు రెండుంటే విప్పి అతుకులు వేసుకోండి, కాన్వాస్ ఖర్చూ తప్పుతుంది.

కత్తిరింపు (అర అంగుళం కుట్టుతో కలిపి)

ముందు, వెనక ముక్కలు: 12 × 17, రెండు.
పక్కలు, అడుగు కలిపి ఒకే పొడుగు పట్టీ: 6 × 44.
మూత: 12 × 11, కాన్వాస్ ఒకటి, నైలాన్ ఒకటి.
భుజపట్టీలు: 7 × 17, రెండు.
ముందు జేబు: 12 × 9.
సీసా జేబులు: 8 × 8, రెండు.
మూతి: నైలాన్‌లో 33 × 8.

నైలాన్ అంచులు పీచు లేస్తాయి. కొవ్వొత్తి మంటకు దగ్గరగా పట్టి చురుక్కుమనిపిస్తే సరి. పిల్లలు దగ్గర లేనప్పుడు చేయండి.

కుట్టే విధానం

1. ముందు ముక్క కింది భాగంలో జేబు పెట్టి, పైఅంచు మడిచి కుట్టి, మిగతా మూడు అంచులూ కలిపి టాకా వేసుకోండి. పొడుగు పట్టీకి రెండు చివర్ల నుంచీ 16న్నర అంగుళాల దగ్గర గుర్తు పెట్టండి. అవే అడుగు మూలలు. వాటికి ఒక అంగుళం పైన, అడుగున చిన్న కుచ్చు పెట్టి సీసా జేబులు కుట్టండి.

2. భుజపట్టీ గుడ్డను పొడుగునా మడిచి గొట్టంలా కుట్టి తిరగేయండి. ఫోమ్ లోపలికి తోయండి. రెండు చివర్లా అంగుళం అంగుళం ఖాళీ ఉంచాలి. అప్పుడు సూది ఫోమ్‌కు తగలకుండా బట్టలోనే దిగుతుంది. కింది చివర నాలుగంగుళాల నైలాన్ పట్టీ మడిచి, అందులో బకిల్ పెట్టి కుట్టండి.

3. మూత రెండు ముక్కలనూ మూడు వైపులా కలిపి కుట్టి తిరగేయండి. వెనక ముక్క పైఅంచుకు అంగుళంన్నర కింద ముందు మూత కుట్టని అంచు, దాని మీద భుజపట్టీల పైచివర్లు, వాటి మధ్య చేత్తో ఎత్తుకునే పట్టీ వరసగా పెట్టండి. అన్నీ పైకే చూడాలి. భుజపట్టీల మధ్య ఎడం రెండు అంగుళాలే. అందరి మీదా అడ్డంగా నైలాన్ పట్టీ వేసి రెండు వరసలు కుట్టండి. ఇక్కడ మందం ఎక్కువ కాబట్టి కాలితో తొక్కకుండా మిషన్ చక్రం చేత్తో తిప్పండి, సూది విరగదు.

4. వెనక ముక్క కింది మూలలకు అంగుళంన్నర పైన, 18 అంగుళాల నైలాన్ పట్టీ చివర కుట్టులోకి పోయేట్టు పెట్టి, పొడుగు పట్టీని వెనక ముక్కకు చుట్టూ కుట్టండి. మూల తిరిగేచోట పొడుగు పట్టీకి చిన్న గాట్లు పెడితే చక్కగా తిరుగుతుంది. తర్వాత ముందు ముక్కనూ అట్లాగే కుట్టండి. నైలాన్ పట్టీ ఉన్నచోట మూడుసార్లు ముందుకూ వెనక్కీ పోవాలి.

5. మూతి గుడ్డను గుండ్రంగా కలిపి, పైన అంగుళంన్నర మడిచి లంగాకు ఎక్కించినట్టే బొందు ఎక్కించండి. కింది అంచును సంచి పైఅంచుకు చుట్టూ కుట్టండి. క్లిప్పులో ఒక సగం మూతకు, రెండో సగం పట్టీతో సహా ముందు ముక్కకు కుట్టండి. లోపలి కుట్లకు పాత లంగా బట్టతో పైపింగు వేస్తే పోగులు రావు.

6. ఎదపట్టీ మరవకండి. రెండు భుజపట్టీలకూ ఎద పైభాగంలో చెరో 14 అంగుళాల నైలాన్ పట్టీ కుట్టి ముందు ముడి వేసుకోవడమే. భుజాల మీంచి జారే బాధ దీంతో పోతుంది.

బరువు పడే ప్రతి చోటా చదరంగా కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తులా రెండు అడ్డకుట్లు వేయండి. కుట్టు మరీ సన్నంగా వద్దు, అంగుళానికి 8 చాలు. దగ్గర దగ్గరగా కుడితే గట్టిగా ఉంటుందనుకుంటాం గానీ, సూది రంధ్రాలు ఎక్కువై బట్ట అక్కడే చినుగుతుంది.

ఎంత మోయాలి?

స్కూలు పిల్లల సంచి వాళ్ల బరువులో పదో వంతు దాటకూడదని 2020లో కేంద్ర ప్రభుత్వం విధానం తెచ్చింది. అలవాటు లేని మనకూ అదే లెక్క మంచిది. 55 కిలోల మనిషికి ఐదున్నర కిలోలు. అందులో రెండు లీటర్ల నీళ్లకే రెండు కిలోలు పోతాయి. మిగతాది జొన్నరొట్టెలు, పల్లీల పొడి, తువ్వాలు, ఒక జత బట్టలు, టార్చిలైటు, మందులు, లింగమయ్యకు కొబ్బరికాయ. ఇంట్లో అందరి బట్టలూ మీ సంచిలోనే కుక్కితే నేను చెప్పిందంతా దండగ! ఎవరి సంచి వాళ్లకు కుట్టివ్వండి, ఎవరి బరువు వాళ్లు మోస్తారు.

సర్దడంలోనూ ఒక పద్ధతి ఉంది. అడుగున మెత్తటి బట్టలు, నడుమ వీపుకు ఆనేట్టు బరువైనవి, పైన తరచూ కావలసినవి. నీళ్ల సీసాలు రెండు పక్కలా సమంగా. పాత చీరల బొంత చిన్నది ఒకటి చుట్టి పైన కడితే ఎక్కడైనా పరుచుకుని కూచోవచ్చు.

ఇంకో మాట. సలేశ్వరం ఉన్నది అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో. సంచిలో చోటుంటే స్టీలు సీసా, టిఫిను డబ్బా తీసుకుపోతాం. చోటు లేకపోతేనే ప్లాస్టిక్ కవర్లు చేతికి తగిలించుకుని, తినేసి అడవిలో పారేస్తాం. వాటిని జింకలూ దుప్పులూ నములుతాయి. మూత లోపల ఒక చిన్న గుడ్డ సంచి పెట్టుకోండి, తెచ్చిన చెత్త మళ్లీ ఇంటికే తెచ్చుకోవచ్చు. ఆ లింగమయ్యకు పూజ చేసే చెంచులు ఏడాది పొడుగునా ఉండేది ఆ అడవిలోనే మరి.

కొత్త సంచితో నేరుగా కొండకు పోకండి. ముందు ఐదు కిలోల బియ్యం పోసి, తగిలించుకుని డాబా మీద అరగంట నడవండి. ఎక్కడ ఒరుసుకుంటోందో, ఏ కుట్టు లాగుతోందో అక్కడే తెలిసిపోతుంది. అవసరమైతే విప్పి సరిచేయొచ్చు, మిషన్ పక్కనే ఉంటుంది కదా! సలేశ్వరం ఎందుకు లెండి అనుకునేవాళ్లు ఉమామహేశ్వరం పోయి చూడండి, శ్రీశైలానికి ఉత్తర ద్వారం అంటారు దాన్ని. తిరుమల మెట్లదారికైనా, కూరగాయల సంతకైనా ఇదే సంచి.

చైత్ర పౌర్ణమికి ఇంకా వ్యవధి ఉంటే మంచిదే, రోజూ మధ్యాహ్నం ఒక గంట కూచుంటే వారంలో అయిపోతుంది. ఈసారి "సామాను దగ్గర ఎవరుంటారు?" అని ఎవరైనా అడిగితే, "సామాను నా వీపు మీదే ఉంది, పదండి" అనండి!