పిస్టనుకుఁ దగిన గాస్కెట్టు

టర్బో ఇంజనును విప్పి పునర్నిర్మింపఁబూనువారు పిస్టన్లను ఒక అంగడిలోను, హెడ్ గాస్కెట్టును వేఱొక అంగడిలోను, అవి పరస్పరము పొసఁగునో లేదో విచారింపకయే కొనితెచ్చుట కలదు. కాని దహనకోష్ఠపు పరిమాణమును ఈ రెండును గలిసియే నిర్ణయించును.

నిస్సాన్ ఎస్ఆర్20డీఈటీ ఇంజనును దీసికొందము. సిలిండరు వ్యాసమును (బోరు), పిస్టను నడకయు 86 మిల్లీమీటర్లే. సంపీడన నిష్పత్తి 8.5. ఇందు గాస్కెట్టు మందమును అర మిల్లీమీటరు పెంచినచో, పిస్టను పైకొసకు వచ్చినప్పుడు మిగులు సుమారు 67 ఘన సెంటీమీటర్ల చోటునకు మఱి మూఁడు చేరి, నిష్పత్తి 8.2కు దిగును. నాకింగు (సిలిండరులో ఇంధనమిశ్రమము అదుపుతప్పి పేలుట) రాకుండ టర్బో పీడనమును హెచ్చింపఁగోరువారి కిది సులభోపాయముగాఁ దోఁచును. అయితే పిస్టను అంచునకును హెడ్డునకును నడుమ నుండవలసిన యిఱుకు సందు వెడల్పై, ఇంధనమును గాలియుఁ జక్కఁగాఁ గలియక, ఏ నాకింగును నివారింపఁదలఁచితిమో అదియే ప్రాప్తింపవచ్చును. కావున నిష్పత్తిని పిస్టను తలపైని గుంటచేతనే తగ్గించుట మేలని నా యభిప్రాయము.

లోహమునందును భేదము గలదు. సిలికాను హెచ్చుగాఁ గల 4032 మిశ్రలోహపు ఫోర్జ్‌డ్ పిస్టన్లు తక్కువగా వ్యాకోచించును. 2618వి దెబ్బ కోర్చుటలో మేటివే కాని, వేఁడికి ఎక్కువగా వ్యాకోచించుటచే సిలిండరులో అధికావకాశమును గోరును. చల్లని ఇంజనులో అవి చేయు టకటకధ్వనికి వెఱవ నక్కఱలేదు.

పెక్కుపొరల ఉక్కు గాస్కెట్టు అధిక పీడనమున కోర్చును గాని, హెడ్డును బ్లాకును నున్నఁగా, సమతలముగా ఉండవలెను. దాని రంధ్రము బోరుకన్న నొకింత పెద్దది కావలెను; బోరును 86.5కుఁ బెంచి పాత కొలత గాస్కెట్టునే వేసినచో, దాని యంచు మంటలోనికిఁ జొచ్చి మాడిపోవచ్చును.