అక్షయనిధి



యోగక్షేమములను మాటను మనము నిత్యము వాడుచుందుము. లేనిదానిని పొందుట యోగము. పొందినదానిని కాపాడుకొనుట క్షేమము. ఆలయములకు విరాళములు తెచ్చువారు పలువురు గలరు. తెచ్చినదానిని నిలుపువారు అరుదు.

మన నల్లగొండ, పాలమూరు సీమల పూర్వులు ఈ సంగతి నెఱిగియుండిరి. కందూరు చోడులేలిన పానగల్లులోను, అలంపురములోను నిలిచియున్న శాసనములు దేవునికిచ్చిన దానములను తెలుపుచున్నవి. నాటి దాతలు విశేషముగ భూములనిచ్చిరి. తెలుగునాట అఖండదీపమునకై ఆవులను, గొఱ్ఱెలనుగూడ ఇచ్చిరి. మంద తఱుగకుండ నిలిపి, దాని నేతితో దీపము వెలిగింపవలెను. మూలము తఱుగరాదు, ఫలమునే వాడవలెను. ఇట్టి దానమునకు శాసనభాషలో అక్షయనీవి యని పేరు.

నేటి శాశ్వతపూజలకును ఇదియే ఆధారము. ఒక భక్తుడు 1990ల తొలి సంవత్సరములలో, తండ్రిపేర ఏటేట ఒకనాడు అర్చన జరుపుటకై 1,116 రూపాయలిచ్చెననుకొనుడు. నాడు బ్యాంకువారు దీర్ఘకాలపు డిపాజిట్లకు నూటికి 12 వంతున వడ్డీ ఇచ్చిరి; అనగా ఏటికి సుమారు 134 రూపాయలు. ఇటీవల నూటికి 7 లభించిన 78 రూపాయలే. నూనె, బియ్యము, కొబ్బరికాయల ధరలో పలురెట్లు పెరిగినవి. మూలధనము చెక్కుచెదరలేదు, దాత సంకల్పము మాత్రము క్షీణించినది. వడ్డీనంతయు వ్యయించుటయే దాతకు న్యాయమని మేమును చాలకాలము చెప్పితిమి. అది పొరపాటని తరువాత గ్రహించితిమి.

భాగవతము అష్టమస్కంధమున శుక్రాచార్యుడు ధనమును ధర్మము, యశస్సు, అర్థము, కామము, స్వజనము అను ఐదింటికి పంచవలెనని బలిచక్రవర్తికి బోధించును. అందు అర్థభాగము ధనమును తిరిగి వృద్ధిపొందించునది. ఆలయమునకును ఆ భాగముండవలెను. వడ్డీలో నాల్గవవంతును ఏటేట మూలమునకు చేర్చినచో, నూటికి 7 వడ్డీకి 40 ఏండ్లలో మూలము ఇనుమడించును. ధరలు అంతకంటె వేగముగ పెరుగవచ్చును గనుక, దాత సంతతివారును అప్పుడప్పుడు కొంత చేర్చుట కర్తవ్యము.

వేరుగ ఒక సంవత్సరపు నిత్యవ్యయమును ఆపద్ధనముగ నుంచవలెను. వానలు తప్పిన ఏండ్లలో పాలమూరు పల్లెలు వలసపోవుట మేము కన్నులార చూచితిమి. అప్పుడు హుండీయు ఎండును. స్వామి నైవేద్యము ఆగరాదు. ధూపదీప నైవేద్య పథకము క్రింద ప్రభుత్వమిచ్చు నెలసరి మొత్తము 2023లో 6,000 నుండి 10,000 రూపాయలకు పెరిగినది. అది మంజూరైన ఆలయములకే గాని అన్నిటికిని గాదు.

అట్లని గర్భాలయమున దీపము కొండెక్కుచుండగా పాసుపుస్తకమును పెంచుటయు ధర్మము కాదు. ఉగాదినాడు పంచాంగశ్రవణమున మన రాశుల ఆదాయవ్యయములు వినుచున్నాము గదా! ఆనాడే ఆలయపు ఆదాయవ్యయములనుగూడ భక్తుల యెదుట చదివింపుడు. లెక్క తెలిసినచోట విశ్వాసము నిలుచును. విశ్వాసము నిలిచినచోట నిధి అక్షయమగును.

శుభమస్తు.