రంగంలో అద్దె గది

సంతబొమ్మాళి ప్రాంతపు కూలివాని తాటాకు గుడిసె ఎంత చిన్నదైనా అతని సొంతం. నెల తిరిగేసరికి అద్దెకు వచ్చి తలుపు తట్టేవాడు లేడు. ఈ తీరంలోని బారువ, కళింగపట్నం రేవులలో ఓడలెక్కి, మన పెద్దలు ‘రంగం’ అని పిలిచిన రంగూనుకు పోయినవారికి అద్దె బరువు అక్కడే తెలిసింది. రేవుకు దూరాన ఉంటే పని దొరకదు. చేరువలో గది దొరకదు. దొరికినా కాళ్లు చాపుకొనే చోటుండదు. ఆలుబిడ్డలు ఊళ్లోనే ఉండిపోవడానికి ఇదీ ఒక కారణం. 1930 మే నెల అల్లర్లలో ఆ ఇరుకు గదులూ దక్కక, వేలమంది పాత పిచ్చాసుపత్రి ఆవరణలో తలదాచుకున్నారు.

అదే ఏటి అక్టోబరులో, ఐరోపాలోని వియన్నా నగరపాలక సంఘం 1,382 వాటాలు గల ‘కార్ల్ మార్క్స్ హోఫ్’ అనే శ్రామిక గృహసముదాయాన్ని ప్రారంభించింది. బట్టలుతికే శాలలు, శిశువిహారాలు, గ్రంథాలయం సయితం అందులోనే! అద్దె మాత్రం కార్మికుని జీతంలో స్వల్పభాగమే. 1923లో విధించిన గృహనిర్మాణపు పన్ను, పెద్ద భవంతులవారిపై అధికంగా పడి, ఆ సొమ్ము సమకూర్చింది. రంగూనులోనూ సొమ్ముకు కొదవలేదు. రేవునిండా బియ్యపు బస్తాలే.

నేడు ఉద్దానపు యువకులు విశాఖ, హైదరాబాదు, చెన్నై నగరాలలో మేడలు కడుతున్నారు. పనిచోటనే రేకుల పాకలో పడక. మేడ పూర్తికాగానే ఆ రేకులు విప్పి మరొకచోటికి మోసుకుపోతారు.