ఫైనల్‌కు వస్తే చూద్దామంటే కుదరదు: మన ఊరి అమ్మాయిల నాకౌట్ మ్యాచ్‌కు మొదటి రౌండులోనే ఎందుకు వెళ్లాలి

బళ్లారిలో ఉన్నా, హోసూరులో ఉన్నా, బరంపురంలో ఉన్నా, షోలాపూర్‌లో ఉన్నా మన ఇళ్లలో వినిపించే మాట ఒకటుంది. ఊళ్లో అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టు ఏదో కప్పులో ఆడుతోందని తెలియగానే, "మంచిదే, ఫైనల్‌కు వస్తే చూద్దాంలే" అంటాం. ఆ మాట అన్నవాళ్లలో మేమూ ఉన్నాం. అందులో చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. ఆదివారం పనులుంటాయి, ఎండ ఉంటుంది, మైదానం దూరం. కానీ నాకౌట్ పోటీ ఎలా నడుస్తుందో తెలిస్తే ఆ మాట ఎంత తప్పో అర్థమవుతుంది. అందుకే ఈ వ్యాసం.

నాకౌట్ లెక్క

లీగ్ పోటీలో ఒక మ్యాచ్ ఓడినా వచ్చే వారం ఇంకో మ్యాచ్ ఉంటుంది. 16 జట్లు ఒక్కొక్కదానితో ఒక్కోసారి తలపడితే ప్రతి జట్టుకూ 15 మ్యాచ్‌లు దక్కుతాయి. మొత్తం 120 మ్యాచ్‌లు జరుగుతాయి. ఇన్ని నడపాలంటే మైదానం, రెఫరీలు, ప్రయాణ ఖర్చులు, నెలల సమయం కావాలి. ఊరి స్థాయిలో, జిల్లా స్థాయిలో పోటీలు నడిపేవాళ్ల దగ్గర అంత డబ్బు ఉండదు. కాబట్టి నాకౌట్ పెడతారు.

నాకౌట్‌లో ఓడిన జట్టు ఇంటికి పోతుంది. అంటే ప్రతి మ్యాచ్ ఒక జట్టును పంపించేస్తుంది. చివరికి ఒక్కటే మిగలాలి కనుక, ఎన్ని జట్లుంటే అంతకు ఒకటి తక్కువ మ్యాచ్‌లు సరిపోతాయి. 16 జట్లకు 15 మ్యాచ్‌లే. జట్లు 11 ఉంటే 10 మ్యాచ్‌లు చాలు. అప్పుడు 5 జట్లకు మొదటి రౌండులో 'బై' ఇస్తారు, అంటే ఆడకుండానే రెండో రౌండుకు పంపుతారు. మిగతా 6 జట్లు 3 మ్యాచ్‌లు ఆడి, గెలిచినవి వీటితో కలిస్తే 8 అవుతాయి.

ఇక్కడ మనం గమనించాల్సింది ఒకటుంది. 16 జట్ల కప్పులో మొదటి రోజు పూర్తయ్యేసరికి 8 జట్ల కథ ముగిసిపోతుంది. 32 జట్లయితే 16. సరిగ్గా సగం జట్లకు ఆ కప్పు మొత్తంలో దక్కేది ఒకే ఒక్క మ్యాచ్. నెలల తరబడి తెల్లవారుజామున లేచి సాధన చేసిన అమ్మాయిలకు మనం చప్పట్లు కొట్టే అవకాశం ఆ 90 నిమిషాలే. ఫైనల్‌కు వస్తామన్నవాళ్లం ఆ సగం జట్లను ఎప్పటికీ చూడం.

డ్రా ఉండదు, మరి ఎలా తేలుతుంది?

మొదటిసారి మ్యాచ్ చూసేవాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాం. మహిళల ఆటకూ పురుషుల ఆటకూ నియమాలు ఒకటే. గోల్‌పోస్టుల మధ్య వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు, ఎవరికైనా ఇంతే. 45 నిమిషాల చొప్పున రెండు భాగాలు ఆడతారు. చిన్న వయసు అమ్మాయిల పోటీల్లో ఈ సమయాన్ని తగ్గించుకోవచ్చు.

స్కోరు సమంగా ఉంటే 15 నిమిషాల చొప్పున రెండు అదనపు భాగాలు ఆడిస్తారు. కొన్ని పోటీల్లో ఆ అదనపు సమయం లేకుండా నేరుగా పెనాల్టీలకు వెళ్తారు. ఏ పద్ధతి అన్నది నిర్వాహకులు ముందే నిర్ణయిస్తారు. పెనాల్టీ షూటవుట్‌లో ఒక్కో జట్టుకు ఐదు కిక్‌లు, మార్చి మార్చి కొడతారు. బంతిని గోల్‌కు దాదాపు 11 మీటర్ల దూరంలో పెడతారు. ఐదేసి అయ్యాక కూడా సమంగా ఉంటే చెరొకటి చొప్పున తేలేవరకు కొడుతూనే ఉంటారు.

షూటవుట్ సమయంలో మైదానం మధ్య నుంచి ఒక అమ్మాయి ఒంటరిగా బంతి దాకా నడిచి వస్తుంది. ఆటలో అంతకంటే కష్టమైన నడక లేదు. కిక్ బయటకు పోతే ఆ బరువు ఆ పిల్ల ఎన్నాళ్లు మోస్తుందో మనకు తెలియదు. గట్టు మీద మనం ఏం మాట్లాడతామో ఆ అమ్మాయి చెవిన పడుతుంది. ఈ సంగతి మళ్లీ చెప్పుకుందాం.

ఓడిన జట్టే మరుసటి ఏడాది

పెద్ద ఉదాహరణ మన పక్కనే ఉంది. ఒడిశాలోని కటక్‌కు చెందిన రైజింగ్ స్టూడెంట్స్ క్లబ్ 2017లో జరిగిన మొదటి ఇండియన్ విమెన్స్ లీగ్ ఫైనల్‌కు చేరి, మణిపూర్‌కు చెందిన ఈస్టర్న్ స్పోర్టింగ్ యూనియన్ చేతిలో 0-3తో ఓడిపోయింది. 2018లో షిల్లాంగ్‌లో జరిగిన ఫైనల్లో మళ్లీ ఆ జట్టే ఎదురైంది. ఈసారి పెనాల్టీలలో కటక్ అమ్మాయిలు గెలిచారు. మొదటి ఓటమి తర్వాత జట్టు చెదిరిపోయి ఉంటే ఆ రెండో ఫైనల్ ఉండేదే కాదు.

మనవాళ్లు స్థిరపడ్డ మిగతా రాష్ట్రాల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. తమిళనాడు జట్టు 2018లో కటక్‌లో మణిపూర్‌ను 2-1తో ఓడించి మొదటిసారి జాతీయ సీనియర్ మహిళల టైటిల్ గెలిచింది. 2023లో అమృత్‌సర్‌లో హర్యానాను ఓడించి మళ్లీ గెలిచింది. మదురైకి చెందిన సేతు ఎఫ్‌సీ 2019లో విమెన్స్ లీగ్ విజేత. బెంగళూరుకు చెందిన కిక్‌స్టార్ట్ ఎఫ్‌సీ 2023లో అదే పోటీలో ఫైనల్ దాకా వెళ్లి, గోకులం కేరళ చేతిలో ఓడింది. ఒడిశా ఎఫ్‌సీ మహిళల జట్టు 2023-24 టైటిల్ గెలిచింది. జాతీయ సీనియర్ మహిళల పోటీకి ఇప్పుడు ఉన్న పేరు రాజమాత జిజాబాయి ట్రోఫీ. మహారాష్ట్రలోని మన కుటుంబాలకు ఆ పేరు వేరే పరిచయం అక్కర్లేదు.

ఇక నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన సౌమ్య గుగులోత్ 2024-25కు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం అందుకుంది. తెలుగు ఇంటి అమ్మాయికి ఫుట్‌బాల్ ఏమిటి అనేవాళ్లకు ఆ ఒక్క పేరు చాలు. అయితే ఇలాంటి పేర్లన్నీ ఎక్కడో ఒక చిన్న మైదానంలో, పట్టుమని యాభై మంది కూడా లేని మ్యాచ్‌లో మొదలైనవే.

ఇంట్లోంచి అమ్మాయిని పంపడమే మొదటి మద్దతు

ఫుట్‌బాల్ నియమాల్లో ఒకటి మన ఇళ్లకు నేరుగా సంబంధించినది. జట్టులో ఆడేవాళ్లు ఏడుగురి కంటే తగ్గితే మ్యాచ్ మొదలుపెట్టకూడదు, మొదలైనా కొనసాగించకూడదు. చిన్న ఊళ్లలో అమ్మాయిల జట్టుకు పదకొండు మంది, వాళ్లకు తోడు నలుగురైదుగురు దొరకడమే గగనం. మ్యాచ్ రోజునే ఒకరింట్లో మేనమామ కూతురి ఓణీల ఫంక్షన్, ఇంకొకరింట్లో గృహప్రవేశం, మరొకరికి ట్యూషన్ టెస్టు పడితే కోచ్ దగ్గర తొమ్మిది మంది మిగులుతారు. తొమ్మిది మందితో ఆడవచ్చు. కానీ ఎదుటి పదకొండు మందితో గంటన్నర పరుగెత్తి గెలవడం చాలా కష్టం. లీగ్‌లో అయితే వచ్చే వారం సరిచేసుకోవచ్చు. నాకౌట్‌లో ఆ ఫంక్షన్‌తోనే మిగతా పదిమంది ఏడాది కూడా ముగిసిపోతుంది.

కాబట్టి పోటీ తేదీలు తెలియగానే ఇంట్లో క్యాలెండర్ మీద రాసి పెట్టుకోవాలి. తప్పనిసరి శుభకార్యం ఉంటే కోచ్‌కు ముందే చెప్పాలి. మ్యాచ్ ఉదయాన ఫోన్ చేసి "పంపలేం" అనడం కంటే వారం ముందు చెబితే ఇంకో అమ్మాయిని సిద్ధం చేసుకుంటారు.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పుకోవాలి. మన ఇళ్లలో చాలామంది అమ్మాయిల ఆట పెద్దమనిషి అయిన ఏడాదితో ఆగిపోతుంది. నిక్కర్లు వేసుకుని మగవాళ్ల ముందు పరుగెత్తడం ఏమిటన్నది ఒక అభ్యంతరం. నెలసరి రోజుల్లో ఎలా అన్నది ఇంకొకటి. దుస్తుల విషయంలో లెగ్గింగ్స్, పొడుగు చేతుల బనియన్లు లోపల వేసుకుని ఆడే అమ్మాయిలు ఎందరో ఉన్నారు, నియమాలు అందుకు అడ్డు చెప్పవు. లోపలి దుస్తుల రంగు జెర్సీ రంగుకు, నిక్కరు రంగుకు తగ్గట్టు ఉండాలన్నదే షరతు. నెలసరి సంగతికి వస్తే, మైదానం దగ్గర శుభ్రమైన మరుగుదొడ్డి, నీళ్లు, బట్టలు మార్చుకునే గది ఉన్నాయా అని తల్లులు నలుగురు కలిసి నిర్వాహకులను అడగాలి. ఒక్కరు అడిగితే పక్కన పెట్టేస్తారు. నలుగురు అడిగితే ఏదో ఒక ఏర్పాటు చేస్తారు.

డబ్బు ఎక్కడ పనికొస్తుంది

ఉగాదికి, శ్రీరామనవమికి మన సంఘాలు చందాలు వేసుకుని వేదిక, మైకు, భోజనాలు ఏర్పాటు చేసుకుంటాయి. అందులో చిన్న భాగం జట్టుకు ఇవ్వగలిగితే ఏది ముందు కావాలో కోచ్‌ను అడిగి ఇవ్వాలి. సాధారణంగా జట్లకు కావలసినవి ఇవి:

* పక్క జిల్లాలో మ్యాచ్ ఉంటే వ్యాను కిరాయి
* సరిపోయే సైజు బూట్లు, షిన్ గార్డులు (షిన్ గార్డులు లేకుండా ఆడనివ్వరు)
* గోల్‌కీపర్ గ్లౌజులు
* బ్యాండేజీలు, ఐస్ పెట్టుకునే డబ్బా, తాగునీళ్లు
* మ్యాచ్ తర్వాత అందరికీ ఒక పూట భోజనం

ఇచ్చేది జట్టుకు ఇవ్వాలి. మన తెలుగు పిల్లకు మాత్రమే కొత్త బూట్లు కొని, పక్కన అదే జట్టులో చిరిగిన బూట్లతో ఆడుతున్న అమ్మాయిని వదిలేస్తే జట్టు మనసు విరుగుతుంది. మ్యాచ్‌కు రెండు మూడు గంటల ముందు ఇడ్లీ, అరటిపండు లాంటి తేలిక తిండి పెట్టాలి. ప్రేమ కొద్దీ పెట్టే పులిహోర, గారెలు మ్యాచ్ అయ్యాక.

గట్టు మీద మన తీరు

ఆట మొదలవడానికి ముందు అమ్మాయిలు ఒకసారి గట్టు వైపు చూస్తారు, ఎవరొచ్చారో అని. అప్పటికే మనం అక్కడ ఉండాలి. పది మందిమైనా చెల్లాచెదురుగా కాక ఒకచోట కూర్చుంటే గొంతు వినిపిస్తుంది. పేరు పెట్టి పిలిచి ఉత్సాహపరచవచ్చు. "అటు కొట్టు, ఇటు పాస్ ఇవ్వు" అని కేకలు వేయకూడదు. కోచ్ ఒకటి చెబుతుంటే బాబాయి ఇంకొకటి చెబితే ఆ పిల్ల ఎవరి మాట వినాలి? రెఫరీని తిట్టకూడదు. ఎదుటి జట్టు అమ్మాయి పెనాల్టీ తప్పితే ఎగతాళి చేయకూడదు. ఆ అమ్మాయి కూడా ఎవరో మనలాంటివాళ్ల బిడ్డే. శరీరం గురించి, రంగు గురించి, దుస్తుల గురించి పక్కవాళ్లెవరైనా కూత కూస్తే పెద్దవాళ్లు లేచి ఆపాలి. అక్కడ పెద్దవాళ్లు ఉండటంలో సగం ప్రయోజనం అదే. అమ్మాయిల ఫొటోలు, వీడియోలు వాళ్ల ఇళ్లవాళ్లను అడగకుండా గ్రూపుల్లో పెట్టకూడదు.

ఏ భాషలో అరవాలి అని కొందరు అడుగుతారు. జట్టులో కన్నడ అమ్మాయి ఉంటుంది, తమిళ అమ్మాయి ఉంటుంది, ఉర్దూ మాట్లాడే అమ్మాయి, ఒడియా అమ్మాయి, మరాఠీ అమ్మాయి ఉంటారు. నోటికి ఏది వస్తే అదే అరవండి. నాలుగు తరాలుగా ఇక్కడే పుట్టి పెరిగినా మనల్ని ఇంకా "తెలుగువాళ్లు, బయటివాళ్లు" అనేవాళ్లు అక్కడక్కడ ఉన్నారు. అమ్మాయిల జెర్సీ మీద ఉండేది ఊరి పేరు. ఆ పేరు పట్టుకుని మనం అరిచినప్పుడు అది మన ఊరు కూడా అని ఎవరికీ వేరే చెప్పనక్కర్లేదు.

ఓడితే

సగం జట్లు మొదటి రోజే ఓడతాయని ముందే లెక్క చెప్పుకున్నాం. మనది ఆ సగంలో ఉండవచ్చు. అప్పుడు చివరి విజిల్ వినగానే బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోకండి. రెండు జట్లూ చేతులు కలిపి, మన అమ్మాయిలు గట్టు దగ్గరకు వచ్చేదాకా నిలబడండి. దారిలో ఎవరి తప్పు వల్ల గోల్ పడిందో మాట్లాడకండి. ఆకలేస్తోందా అని అడగండి, చాలు.

వచ్చే ఏడాది ఆ జట్టు ఉంటుందా లేదా అన్నది చాలావరకు ఆ సాయంత్రమే తేలుతుంది. అమ్మాయి మళ్లీ వెళ్తానంటే తల్లి సరే అనాలి, తండ్రి బూట్లు కొనాలి, కోచ్‌కు ఓపిక మిగలాలి. ఓడిన రోజున కూడా నలుగురు వచ్చి నిలబడ్డారంటే ఈ మూడూ కొంచెం తేలికవుతాయి. ఈసారి మీ ఊళ్లో పోటీ తేదీలు తెలిస్తే మొదటి రౌండు తేదీని రాసి పెట్టుకోండి. ఫైనల్ సంగతి, వస్తే అప్పుడు చూద్దాం.