ఒక ఆకాశయాత్రాకథయు, దాని విమర్శకులును

మనకు మిక్కిలి యిష్టమైన కథయందు తప్పులు వెదకుట తగునా యని విద్యార్థులలో కొందరు సందేహించుచుందురు. మెచ్చుకొన్నవాడే కథకు మిత్రుడనియు, తప్పు చెప్పినవాడు శత్రువనియు వారి తలంపు. ఈ తలంపు సరికాదని చూపుటకు అమెరికా దేశమున జరిగిన యొక వృత్తాంతమును ఇచ్చట వివరింపదలచితిమి. అది స్టార్ ట్రెక్ అను టెలివిజన్ కథామాలికను గూర్చినది.

జీన్ రాడెన్‌బెరీ యను రచయిత ఈ కథామాలికకు కర్త. ఎంటర్‌ప్రైజ్ అను వ్యోమనౌక నక్షత్రముల నడుమ సంచరించుచు, క్రొత్త లోకములను దర్శించుట యిందలి విషయము. టెలివిజన్ కంపెనీలవారు ఒక కథామాలికను పూర్తిగా తీయించుటకు ముందు మచ్చునకొక కథను తీయించి చూతురు. రాడెన్‌బెరీ తీసిన మొదటి మచ్చుకథ సామాన్య ప్రేక్షకుల బుద్ధికి బరువైనదని తలచి ఎన్.బి.సి. కంపెనీవారు దానిని త్రోసివేసిరి. అయినను మరియొకటి తీసి చూపుమనిరి. అట్లు 1965లో తీయబడిన రెండవ మచ్చుకథకు ‘వేర్ నో మ్యాన్ హాజ్ గాన్ బిఫోర్’ అని పేరు. మునుపెవ్వరును పోని చోటు అని దీని భావము. దీనిని వ్రాసినవాడు శామ్యూల్ పీపుల్స్. కథామాలిక 1966 సెప్టెంబరు 8వ తేదీన ఆరంభమయ్యెను. ఈ కథ అదే నెల 22వ తేదీన, వరుసలో మూడవదిగా, ప్రసారమయ్యెను.

కథ సంగ్రహముగా నిట్టిది. ఎంటర్‌ప్రైజ్ నౌక పాలపుంత యంచునకు పోయి, అచ్చట వెలుగుచున్న యొక శక్తికుడ్యమును తాకును. ఆ దెబ్బకు కొందరు మరణింతురు. నౌకాధిపతియైన కిర్కునకు చిరకాలమిత్రుడగు గారీ మిచెల్ అనువానికి మాత్రము కన్నులు వెండివలె మెరయసాగి, మనశ్శక్తి దినదినము పెరుగును. చేయి తాకకయే వస్తువులను కదల్పగలవాడగును. తుదకు తాను దేవుడనని యెంచి, తోడివారిని పురుగులుగా చూడసాగును. వానిని చంపుటయో, ఎవ్వరును లేని లోకమున విడుచుటయో తప్పదని స్పాక్ అను సహాయాధికారి హెచ్చరించును. ఒకవైపు స్నేహితుడు, ఒకవైపు నౌకలోని జనుల ప్రాణములు: కిర్కు పడిన మనోవేదనయే ఈ కథకు ప్రాణము. డెల్టా వేగా యను నిర్జనగ్రహమున మిచెల్ తన శక్తిచే కిర్కునకు ముందుగానే గోతిని త్రవ్వి, సమాధిఫలకమును నిలుపును. కాని చివరకు ఆ గోతిలో తానే పడి మడియును. మిచెల్ విధినిర్వహణమున ప్రాణము లర్పించెనని కిర్కు నౌకా దినచర్యయందు వ్రాయును. ఏలయన, ఆ శక్తి అతడు కోరి తెచ్చుకొన్నది కాదు.

ఇక అభిమానులు పట్టిన తప్పులను చూతము.

మొదటిది సమాధిఫలకము. దానిపై ‘జేమ్స్ ఆర్. కిర్క్’ అని చెక్కబడియున్నది. తరువాతి కథలన్నిటను నౌకాధిపతి పేరు ‘జేమ్స్ టి. కిర్క్’. ఒక్క అక్షరమే భేదము. అయినను అభిమానుల కన్నులు దానిని విడువలేదు. మిచెల్ జ్ఞాపకము చెదరియుండునని కొందరును, మిత్రులిద్దరికిని మాత్రమే తెలిసిన పరిహాసమని కొందరును సమాధానము చెప్పిరి. అసలు కారణము సులభమైనది: మచ్చుకథ తీయునాటికి ఆ పాత్ర పూర్తి పేరింకను స్థిరపడలేదు.

రెండవది వేషములును, మనుష్యులును. ఈ కథయందు ఉద్యోగుల దుస్తులు ముందు వారములలో చూపిన కథలందలి దుస్తులవలె లేవు. వైద్యుడు మెకాయ్ కానరాడు. పైపర్ అను మరియొక వైద్యుడున్నాడు. నౌక నడుపు సులూ ఇందు భౌతికశాస్త్రజ్ఞుడుగా కనబడును. వారము వారము చూచువారికి ఇది వింతగా తోచుట సహజమే. ముందుగా తీసిన కథను వెనుక చూపుటయే దీనికి హేతువు.

మూడవ విమర్శ శాస్త్రమునకు సంబంధించినది. ఇది మన విద్యార్థులకు మిక్కిలి ప్రయోజనకరము. పాలపుంత పళ్లెమువంటి ఆకారము గలది. దాని అడ్డుకొలత సుమారు 1,00,000 కాంతి సంవత్సరములు. నక్షత్రములు దట్టముగా నున్న పళ్లెపు మందము సుమారు 1,000 కాంతి సంవత్సరములు మాత్రమే. మన సూర్యుడు నడిమినుండి సుమారు 26,000 కాంతి సంవత్సరముల దూరమున నున్నాడు. కావున పాలపుంత వెలుపలికి పోగోరువాడు అంచువరకు పోవలసిన పనియేమి? పళ్లెములోని చీమ అంచునకు ప్రాకకయే పైకెగురగలిగినచో వెలుపల పడదా? మరియు పాలపుంతకు గోడవంటి యంచు లేదు. ఊరు దాటి పొలములలోనికి పోవునప్పుడు ఇండ్లు పలుచబడునట్లు, నక్షత్రములు క్రమముగా పలుచబడును, అంతే.

నాల్గవది డెల్టా వేగా యను పేరు. వేగా యనునది మన పంచాంగములలో అభిజిత్తని పేర్కొనబడిన నక్షత్రమే. అది మనకు 25 కాంతి సంవత్సరముల దూరమున, అనగా పాలపుంత లెక్కలో ఇరుగుపొరుగున, ఉన్నది. ఖగోళశాస్త్రజ్ఞులు ఆల్ఫా, బీటా, గామా, డెల్టా యను గ్రీకు అక్షరములను నక్షత్రరాశి పేరునకు చేర్తురు గాని, ఒక నక్షత్రము పేరునకు చేర్చరు. పాలపుంత యంచుననున్న గ్రహమునకు ఈ పేరు ఎట్లు కుదురును? మరియు ప్రధానయంత్రములు చెడిన నౌక కొన్ని కాంతిదినముల దూరముననున్న ఆ గ్రహమును చేరినదట. ఒక కాంతిదినమనగా సుమారు 2,590 కోట్ల కిలోమీటర్లు. 1977లో బయలుదేరిన వాయేజర్ 1 నౌక క్షణమునకు 17 కిలోమీటర్ల చొప్పున పోవుచున్నను, అంత దూరమునకు దాదాపు 48 సంవత్సరములు పట్టును. ఎంటర్‌ప్రైజ్ ఉపయంత్రములు అంతకంటె ఎన్నో వేల మడుగులు బలమైనవని ఒప్పుకొన్నగాని కథ సాగదు. ఇట్లు లెక్కవేసి చూచినవాడు కథను పాడుచేసినవాడు కాడు. కథ నెపముగా ఆకాశమును కొలిచినవాడు.

ఈ విమర్శలలో ప్రసిద్ధమైనది ఐజాక్ ఆసిమోవ్ చేసినది. ఆయన శాస్త్రకథలు వ్రాయుటయందు ఖ్యాతి గన్నవాడు, రసాయనశాస్త్ర పండితుడు. 1966 నవంబరు 26వ తేదీ నాటి టీవీ గైడ్ పత్రికయందు ఆయన ఆ కాలపు ఆకాశకథలలోని శాస్త్రదోషములను హాస్యముగా ఎత్తిచూపెను. స్టార్ ట్రెక్‌లో ‘పాలపుంతకు అర కాంతి సంవత్సరము వెలుపల’ అనిన మాటను పట్టుకొని, సరియైన హద్దు లేనిదానికి అంత సూక్ష్మముగా వెలుపల యనుట ఎట్లని ప్రశ్నించెను. అభిమానులు ఆయనపై ఉత్తరముల వర్షము కురిపించిరి. రాడెన్‌బెరీయు తన కష్టములను మర్యాదగా తెలుపుచు ఉత్తరము వ్రాసెను. ఆసిమోవ్ కోపగింపలేదు; కథామాలికను మరల శ్రద్ధగా చూచెను. 1967 ఏప్రిల్ 29వ తేదీన అదే పత్రికలో స్పాక్ పాత్రను మెచ్చుచు వ్యాసము వ్రాసెను. పిమ్మట వారిద్దరును స్నేహితులైరి. 1979లో ఈ కథ చలనచిత్రముగా వెలువడినప్పుడు శాస్త్రవిషయములలో సలహాదారు మరెవరో కాదు, ఆసిమోవే. తప్పు చూపినవానినే పిలిచి పీట వేసిన రాడెన్‌బెరీ పెద్దమనసును, చూపిన తప్పుతో పాటు గుణమునుకూడ చూచిన ఆసిమోవ్ న్యాయబుద్ధిని మనము గమనింపవలెను.

ఇక అభిమానుల మాట. 1967లోనే వారు స్పాకనేలియా యను పత్రికను స్వయముగా ప్రకటించి, స్పాక్ జన్మలోకమును గూర్చి వ్యాసములు వ్రాసికొనిరి. రెండవ సంవత్సరముతో కథామాలిక ఆగిపోవునను వార్త పుట్టినప్పుడు, బీజో ట్రింబుల్, జాన్ ట్రింబుల్ అను దంపతులు ముందు నిలిచి ఉత్తరముల ఉద్యమము నడిపిరి. వేలకొలది జనులు కంపెనీకి వ్రాసిరి. కథామాలిక కొనసాగునని 1968 మార్చి 1వ తేదీన కంపెనీవారు ప్రసారమునందే ప్రకటింపవలసి వచ్చెను. అది 1969 జూన్ 3వ తేదీవరకు, మొత్తము 79 కథలతో, నడిచెను. 1976లో అమెరికావారు తమ తొలి స్పేస్ షటిల్ నౌకకు ఎంటర్‌ప్రైజ్ అని పేరుపెట్టుటయు అభిమానుల ఉత్తరముల ఫలమే.

చదువరులారా! ఈ వృత్తాంతమువలన మనము గ్రహింపదగిన నీతి యేమి? సమాధిఫలకముపై ఒక్క అక్షరము మారెనని గుర్తించుటకు కథను ఎన్నిమార్లు చూచియుండవలెను! శ్రద్ధలేనివాడు తప్పునైనను చూడలేడు. అయితే విమర్శించువాడు మూడు నియమములు పాటింపవలెను. మొదట కథను పూర్తిగా తెలిసికొనవలెను. పిమ్మట తన మాటను లెక్కతోడనో, ప్రమాణముతోడనో నిలువబెట్టవలెను. చివరగా, చిన్నతప్పును పెద్దగుణమునకు అడ్డుగా నిలుపరాదు. అక్షరము తప్పినను, గోడ లేనిచోట గోడ కట్టినను, స్నేహితుని కొరకు కిర్కు పడిన దుఃఖము అబద్ధము కాలేదు. ఈ రెండింటిని ఒక్కసారి చూడగలవాడే మంచి చదువరి. మీరును మీకు ప్రియమైన పుస్తకమును అట్లు చదివి, దానియందలి గుణములను దోషములను ఒకే కాగితముపై వ్రాసి చూడుడు. ఆ పుస్తకము మీకు మునుపటికంటె ఎక్కువ ఆత్మీయమగునని మా నమ్మకము.